కర్తరిలో చక్రాల పందిరి

అఖిల జీవులకును కర్మసాక్షియై, ఏడు గుఱ్ఱముల రథమెక్కి, ఒక్క నిమేషమైనను ఆలస్యము లేక ఉదయించు ఆ లోకబాంధవునకు దూరమునుండియే నమస్కారము. దగ్గఱకు రావలదని ప్రార్థన. స్వస్తిశ్రీ చాంద్రమాన ఖర నామ సంవత్సరమున, ఉత్తరాయణమున, వసంత ఋతువున, వైశాఖ శుద్ధ పంచమీ భానువాసరమున, శ్రీశైలమునకు ఉత్తర దిగ్భాగమున, కృష్ణా గోదావరీ నదుల నడిమి దేశమున, ఎల్బీనగరు చౌరస్తాకు కాస్త ఎడమున మన్సూరాబాదు దారిలో, అద్దె యిల్లు గనుక ‘స్వగృహే’ అనుటకు వీలులేక ‘శోభనగృహే’ అని సంకల్పము చెప్పుకొని, నేను సంధ్య వార్చి లేచుసరికి మా యింటి యజమానురాలు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆవిడ పటేలుగారి భార్య. పటేలుగారిది కింది వాటా, మాది పై వాటా. ఆ చుట్టుపక్కల కాలనీలన్నీ ఒకప్పుడు ఊరి పొలాలు. వాటిలో కొన్ని పటేలుగారి తాతలవి. జొన్న పండిన నేలలో ఇప్పుడు మేడలు పండుతున్నాయి. పొలమంతా ప్లాట్లయి చేయి దాటిపోయినా, ఆయన తమ ట్రాక్టరును మాత్రం అమ్మలేదు. ఇంటి పక్క ఖాళీ జాగాలో, రేకుల కింద, వెనుక ట్రాలీతో సహా అది పదవీ విరమణ చేసిన పట్టపుటేనుగులా నిలబడి ఉండేది. దసరానాడు దానికి బొట్టుపెట్టి, ఒకసారి మోత మోగించి, మళ్లీ నిద్రపుచ్చేవారు.

నేను గుడివాడ ప్రాంతం వాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి, పిల్లలకు గురులఘువులు నేర్పి, వారు వాటిని మరచిపోవడం చూసి, విరమించినవాణ్ణి.

“అన్నా, జర కూసోని మాట్లాడాలె,” అన్నారు ఆవిడ. “మా ఆయన పానం నీ పుస్తకంల ఉన్నది.”

కూర్చున్నాను. పుస్తకమంటే పంచాంగమని గ్రహించాను.

“పున్నం పోయినంక ఒచ్చే బేస్తారం నాడు కాలనీ మొగదల టెంటేసి తెలంగాణ కోసం రిలే దీక్షకు కూసుంటరట. మొదటి దినం నేనే కూసుంట అని నలుగుట్ల మాటిచ్చి ఒచ్చిండు. పొద్దుగాల నుంచి పొద్దుగూకే దాంక! సుగరున్నది, బీపీ ఉన్నది. పోయిన ఏడు ఎండల కండ్లు తిరిగి పడితే దవాఖానల ఏసినం. టీవీల ఏమంటున్నరు, ఇన్నవా? గీ నెల నడుమ వడగాలులు గట్టిగ కొడ్తయట. నేను చెప్తే ఇంటడా? కొడుకు చెప్తే ఇంటడా? నువ్వు చెప్తే ఇంటడు. ఏదో ఒక దోషం ఎల్లదీసి, గా దినం మంచిది కాదని చెప్పు.”

“లేని దోషం ఎలా చెప్పనమ్మా?”

“ఎందుకు లేదన్నా? ఇల్లు జూడవోతే దొరుకుతది, పిల్లను జూడవోతే దొరుకుతది, ఊరికి పోవాల్నంటే దొరుకుతది. నా మొగని పానానికి ఒక్క దోషం దొరకదా నీ పుస్తకంల?”

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కొంగు కొస వేలికి చుట్టుకొంటూ, విప్పుకొంటూ ఉన్నారు. చూస్తానని మాట ఇచ్చాను.

పటేలుగారు నా మాట వింటారన్నది నిజమే. అయితే ఎలా వింటారో చెప్పాలంటే ఆ ఏటి ఉగాదికి వెళ్లాలి. కాలనీ కమ్యూనిటీ హాలులో ఏటా పంచాంగ శ్రవణం చేసేవాణ్ణి నేనే. పచ్చడి పంచేది శ్రవణం ముగిసిన తరువాతనే కనుక సభ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఆ ఉగాది సోమవారంనాడు వచ్చింది. కాబట్టి సంవత్సరానికి రాజు చంద్రుడు. మంత్రి బృహస్పతి. ఇద్దరూ చల్లని దేవరలు. ఆ ధైర్యంతో “ఈ వేసవి ప్రజలకు సుఖావహం” అని ఫలం పలికాను. ఆ ఒక్క మాట నమ్మి ముందు వరుసలోని పెద్దమనిషి ఒకాయన కూలరు కొనడం మానుకొన్నారట. ఎండలు ముదిరిన తరువాత ఆయన నన్ను చూస్తే చాలు, సందు మార్చేవారు.

తరువాత వానల సంగతి చదివాను. పంచాంగాల్లో ఆనవాయితీగా ఉండే వాక్యమే: వర్షంలో ఎక్కువ పాళ్లు సముద్రాల మీద, తరువాతి పాళ్లు కొండల మీద, మిగిలినది నేల మీద. నా చిన్ననాటినుండి ఈ వాక్యాన్ని ఆక్షేపించినవారిని నేను చూడలేదు. పటేలుగారు లేచి నిలబడ్డారు.

“ఆగు పంతులూ. మల్ల సదువు.”

మళ్లీ చదివాను.

“ఎక్కువ పాళ్లు సముద్రానికా?”

“అవునండీ.”

“సముద్రం ఎవల దిక్కున్నది?”

వెనుక వరుసలోనుండి భీమవరం వైపు ఆయన ఒకరు, దాచి ప్రయోజనం లేదనుకొన్నారు కాబోలు, “మా వైపేనండీ” అని ఒప్పుకొన్నారు.

“సూసిన్రా! నీళ్లల్ల గట్లనే, కొలువులల్ల గట్లనే. ఆఖరికి మొగులుకెల్లి పడే వానల గూడ మాకు మిగిలిందే పెడ్తిరి! పంతులూ, గీ పంచాంగం యాడ అచ్చేసిన్రు?”

అట్ట వెనుకకు తిప్పి చూశాను. “రాజమండ్రిలోనండీ.”

“అనుకున్న,” అని ఆయన కూర్చున్నారు. హాలు పగిలేటట్టు నవ్వులు. భీమవరం ఆయన అందరికన్న ఎక్కువ నవ్వారు. సభ ముగిసిన తరువాత పటేలుగారు రెండోమారు పచ్చడి పెట్టించుకొంటూ నా భుజం తట్టి, “నువ్వేం జేస్తవ్ పంతులూ, రాసినోడు రాసిండు, సదివినోడివి సదివినవ్,” అన్నారు. అదీ ఆయన స్నేహం. పంచాంగాన్ని తిడతారు, దాటరు.

ఆ మధ్యాహ్నం పంచాంగం తిరగవేశాను. నేను దోషాన్ని వెతకవలసిన పని లేకపోయింది. దోషమే అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చుని ఉంది. సూర్యుడు భరణి చివరి పాదంలో అడుగుపెట్టింది మొదలు, కృత్తిక దాటి, రోహిణి తొలి పాదం విడిచేదాకా కర్తరి. ఆ ఎండకాలపు రోజుల్లో నేల తవ్వరాదు; గుంజ పాతరాదు; చెట్టు కొట్టరాదు; పందిరి వేయరాదు. మండుటెండలో కూలివాని చేత గునపం పట్టించరాదన్న దయయే ఈ నియమానికి మూలమని మా గురువుగారు చెప్పేవారు. దీక్ష మొదలయ్యే వైశాఖ బహుళ విదియ, గురువారం, ఆ కర్తరి నడిబొడ్డున ఉంది. పటేలుగారు తాము కట్టించిన ఏ ఇంటికీ కర్తరిలో పునాది తీయనివారు. అబద్ధమాడనక్కరలేదు, కల్పించనక్కరలేదు. పందిరి లేకపోతే దీక్ష వాయిదా పడుతుంది. కర్తరి వెళ్లేనాటికి వడగాలీ వెళుతుంది. ఇంతకన్న నిర్దుష్టమైన ఉపాయం తర్కశాస్త్రంలో కూడా ఉండదనుకొన్నాను.

కిందికి దిగి వెళ్లాను. పటేలుగారు వరండాలో దినపత్రిక చదువుతున్నారు.

“పటేలుగారూ, దీక్షకు పందిరి ఎప్పుడు వేయిస్తున్నారు?”

“బుధారం మాపటీలి గుంతలు తీస్తరు. బేస్తారం పొద్దుగాల కూసునుడే. ఏం పంతులూ?”

“ఏమీ లేదు. కర్తరి కదా అని.”

పత్రిక ఆయన ఒళ్లోకి జారిపోయింది. “అయ్యో, నిజమే గదనయ్యా! నా మతి మన్నువడ. కర్తరిల గుంజ పాతుడా!”

“అదే నేననేది. బహుళ ఏకాదశీ శనివారంతో కర్తరి వెళ్లిపోతుంది. ఆ మరునాడు నిక్షేపంగా పందిరి వేసుకొని—”

ఆయన చేయెత్తి నన్ను ఆపి, ఆకాశం వంక చూశారు. తలుపు వెనుక గాజులు కదిలిన చప్పుడైంది. పటేలమ్మగారు వింటున్నారని తెలిసి నాకు మరింత ఉత్సాహం కలిగింది.

“పంతులూ, దేవునోలె ఒచ్చి చెప్పినవ్. లేకుంటే కాలనీకే అరిష్టమయితుండె. పందిరి ఒద్దు.”

“మంచి నిర్ణయం. ఏకాదశి దాటాక—”

“ఎందుకు దాటుడు? పందిరి ఒద్దన్న గని కూసునుడు ఒద్దంటినా? మాటిచ్చిన దినం మాటిచ్చిన దినమే. ఉత్తగనే కూసుంట. ఎండలనే కూసుంట. ఇంకా మంచిది! నీడకు సల్లగ కూసుంటే అది దీక్షెట్లయితది, సుట్టాలింటికి పోయినట్టయితది గని!”

తలుపు వెనుక గాజుల చప్పుడు ఆగిపోయింది.

నేను పై వాటాకు చేరేలోపే ఆవిడ చేరారు. “అన్నా,” అన్నారు. ఆ సంబోధనలో అప్పటిదాకా ఉన్న చెల్లెలితనం కనబడలేదు. “నేనేం అడిగిన? నువ్వేం జేసినవ్? గుడ్డ నీడన్న ఉండె. అది గూడ పీకిస్తివి! ఇగ వడగాలే ఒచ్చి ఆయనకు ఇసనకర్ర ఊపాలె.”

నేను పంచాంగం మూసి పక్కన పెట్టాను. మా ఇంటావిడ వంటింట్లోనుండి వచ్చి ఓదార్చబోయింది. “దిగులుపడకండి వదినగారూ. మా బెజవాడ ఎండల ముందు ఇక్కడి ఎండ ఎంత? అక్కడ తారు కరిగి చెప్పులు రోడ్డుకే అంటుకుపోతాయి. అయినా మనుషులు తిరగడం లేదూ?”

పటేలమ్మగారు దుఃఖాన్ని ఒక పక్కన పెట్టారు. “ఏందొదినా? ఎండ మాకు లేదా? మా అమ్మగారి ఊరు నల్లగొండ దిక్కు. ఎండకు బండలే పగుల్తయి. మీది ఉక్కపోత. చెమట కారితే ఎండయితదా? ఎండంటే మాది.”

“ఉక్కపోతేనండీ ప్రాణం తోడేసేది! మీ ఎండకు నీడలోకి వెళితే చాలు. మా ఉక్క నీడలోకి కూడా వెంటబడి వస్తుంది.”

“నీడల ఉంటే మేమెందుకు పరేషానయితం? గా నీడనే మీ ఆయన తీసేసె గద!”

నీళ్లలో, నిధుల్లో, కొలువుల్లో ఎవరికి వారు తమకే తక్కువ వచ్చిందని వాదించుకొంటున్న రోజులవి. ఇరువైపుల వారూ తమకే ఎక్కువ వచ్చిందని పోట్లాడుకొన్న ఉమ్మడి ఆస్తి నాకు తెలిసి ఎండ ఒక్కటే.

ఆ తరువాతి రోజుల్లో నేను చేసిన ప్రయత్నాలన్నీ బెడిసికొట్టాయి. మొదట, ప్రజాకార్యార్థం వేసే తాత్కాలిక పందిరికి కర్తరి దోషం వర్తించదేమోనన్న ధర్మసూక్ష్మాన్ని పటేలుగారి ముందు ఉంచాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “మొన్న దోషమంటివి, ఇయ్యాల దోషం లేదంటివి. నువ్వు పండితునివా పంతులూ, ఢిల్లీల మంత్రివా?” ఇచ్చిన మాట మీద వెనక్కి వెళ్లడం ఆ రోజుల్లో ఎంత చెడ్డపేరో ఎల్బీనగర్‌లో ఎవరిని అడిగినా చెప్పేవారు. మరునాడు గొడుగు ప్రస్తావన తెచ్చాను. “గొడుగు పట్టుకోని రోడ్డు మొగదల కూసుంటే మీర్‌పేట్ బస్సు కోసం కూసున్నడనుకుంటరు,” అన్నారు.

టీవీ అడుగున పాకే ఎర్రపట్టీలో అప్పుడు రెండే వార్తలు నడిచేవి: ఒకటి ఉద్యమం, మరొకటి ఎండ. పున్నమి దగ్గరపడేకొద్దీ రెండోది మొదటిదాన్ని తోసుకొని ముందుకు వచ్చింది. రాగల రెండు మూడు రోజుల్లో తెలంగాణలో తీవ్రమైన వడగాలులు. కోస్తాలో అక్కడక్కడ చిరుజల్లులు. పటేలుగారు ఆ వార్త చూసి నన్ను కింద నుండి కేకవేశారు. “పంతులూ! సూసినవా? మీ రాజమండ్రి పుస్తకం చెప్పినట్టే అయితున్నది. వాన అటు, వడగాలి ఇటు!” వృద్ధులు, జబ్బులున్నవారు పగటిపూట బయటకు రాకూడదని కూడా ఆ వార్తలో చెప్పారు. దానికి ఆయన, “ఎవలో ముసలోల్ల గురించి చెప్తున్నరు, పాపం,” అన్నారు. పటేలమ్మగారు టీవీ కట్టేసి లోపలికి వెళ్లిపోయారు. ఆ రాత్రి ఆ ఇంట్లో కంచాలు మామూలుకన్న గట్టిగా మోగాయి.

ఇక బుధవారం. తెల్లవారితే దీక్ష. మా ఇంటావిడ నన్ను ఆవకాయ కోసం కాయలు తెమ్మని కొత్తపేట రైతుబజారుకు పంపింది. కాయలు ముక్కలు కొట్టించుకొని, సంచి బరువుకు ఒక పక్కకు ఒరిగి, పండ్ల మార్కెట్టు ముందుగా నడిచి వస్తున్నాను. మామిడిపండ్ల లారీలు బారులు తీరి ఉన్నాయి. దించవలసిన సరుకు దించేసిన ఒక లారీ మీద, నాలుగు మూలలా కర్రలు కట్టి టార్పాలిన్ పరిచారు. దాని నీడలో, గడ్డి మీద, డ్రైవరు హాయిగా గుర్రుపెడుతున్నాడు. ఆ కర్రలు లారీకి కట్టి ఉన్నాయి. నేలలో పాతి లేవు.

సంచి భుజం మార్చుకొన్నాను. నడక వేగం కూడా మారింది.

“పటేలుగారూ! పందిరి నేల మీద వేయరాదు. బండి మీద వేసుకోవచ్చు. చక్రాలున్నదానికి కర్తరి లేదు.”

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కొనబోయే ఎద్దు పళ్లు లెక్కపెట్టినట్టు నా మాటను తిప్పి తిప్పి చూశారు. “గుంజలు?”

“ట్రాలీకి కడతాం. పాతం.”

“తవ్వుడు?”

“గోటితో కూడా తవ్వం.”

“రేపు మల్ల ఇంకో మాటనవు గద?”

“అనను.”

“గట్లయితే ఒక్క షర్తు. నువ్వు గూడ నా పక్కన ట్రాలీల కూసోవాలె. శాస్త్రంల తప్పుంటే ఇద్దరికీ తాకాలె.”

నా భుజం మీది సంచి దానంతట అదే కిందికి దిగింది. “నేనా? నేను ఆ ప్రాంతం వాణ్ణి కదండీ. తెలంగాణ దీక్షలో నేనెలా కూర్చుంటాను?”

“దినాం పొద్దుగాల నీళ్లు ముట్టుకోని ఏమంటవు పంతులూ? కృష్ణకు, గోదారికి నడుమ ఉన్న అంటవా, అనవా? కింద నాకు ఇనస్తది. గా రెండింటి నడుమ ఏమున్నది?”

“మా ఊరు కూడా ఆ రెండింటి నడుమనే ఉందండీ!”

“మరింక మంచిది. నువ్వు యాడున్నా లోపలి మనిషివే. ఎక్కు.”

ఇన్నేళ్లుగా నిత్యం చెప్పుకొనే సంకల్పం నన్ను ఇలా ట్రాక్టరు ఎక్కిస్తుందని ఏ స్మృతిలోనూ చదువలేదు. గుమ్మంలో నిలబడ్డ పటేలమ్మగారు మాత్రం ఆ ఆదివారం తరువాత మొదటిసారి నన్ను మళ్లీ అన్నా అని మెత్తగా పిలిచారు. “జర కనిపెట్టుకోని ఉండన్నా. కండ్లు తిరిగినట్టయితే నాకు చెప్పు.”

గురువారం ఉదయం ట్రాక్టరును కడిగి, బొట్టుపెట్టి, పటేలుగారి కుమారుడు నడిపి కాలనీ మొగదలకు తెచ్చాడు. ట్రాలీలో జంపఖానా, పైన నీలం టార్పాలిన్, ముందు బ్యానరు. పటేలుగారి మెడలోనూ నా మెడలోనూ బంతిపూల దండలు వేశారు. కాలనీ యువకులు “జై తెలంగాణ” అని పిడికిళ్లెత్తారు. నేనూ అన్నాను. జీవితమంతా పద్యాలు చదివిన గొంతు కావడం చేత ఆ నినాదం దీర్ఘాలతో సహా, రాగం తీసినట్టు వచ్చింది. వాళ్లు నవ్వాపుకోలేక, “పంతులుగారూ, ఇంకోపారి!” అని అడిగి మరీ అనిపించుకొన్నారు. కేబులు టీవీ వారు దాన్ని ఎలా పట్టారో, ఎవరు ఎవరికి పంపారో తెలియదు. కాసేపటికి బెజవాడ నుండి మా బావమరిది ఫోను. “బావగారూ, మీలాంటివారు ఎవరో ట్రాక్టరు మీద కనబడ్డారు.” నాలాంటివారు చాలామంది ఉంటారని చెప్పి పెట్టేశాను.

నీడ పైనుండి వచ్చినా ఎండ పక్కనుండి వచ్చింది. సూర్యుడు పైకి జరిగినకొద్దీ ట్రాక్టరును కూడా జరపవలసి వచ్చేది. అది మోత మోగిస్తూ పొద్దుతిరుగుడు పువ్వులా ఇటు తిరిగేది, అటు తిరిగేది. తిరిగినప్పుడల్లా మేము జంపఖానాతో సహా జారి ఒకరి మీద ఒకరు పడేవాళ్లం. పోలీసాయన ఒకరు వచ్చి, “టెంటుకు పర్మిషన్ ఉన్నదా?” అని గద్దించారు.

“టెంటు యాడిది? బండి గద!” అన్నారు పటేలుగారు.

“బండయితే రోడ్డుకు అడ్డం తియ్యిండ్రి.”

ఆ తర్కానికి ఎదురులేదు. దీక్షా శిబిరం కదిలి, కాలనీ చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణం చేసి, మళ్లీ అక్కడికే వచ్చి నిలిచింది. ప్రతి ఇంటి ముందూ జనం వచ్చి దండం పెట్టారు. ఒకావిడ హారతి కూడా ఇచ్చింది. పటేలుగారు ఆనందంతో వెలిగిపోయారు. ఇలా కదిలే దీక్ష జిల్లా మొత్తంలో లేదని ఆయన అభిప్రాయం.

పొద్దు నడినెత్తికి వస్తుండగా వడగాలి మొదలైంది. అది గాలిలా రాలేదు. ఎవరో పెద్ద పొయ్యి మూత తీసినట్టు వచ్చింది. టార్పాలిన్ టపటప కొట్టుకొంది. దాని కింది నీడ కూడా వేడెక్కింది. రోడ్డు మీద కుక్క కూడా లేదు. నినాదాలిచ్చిన యువకులు ఎదుటి కిరాణా కొట్టు చూరు కిందికి చేరారు. పటేలుగారి మాటలు తగ్గాయి. ముఖం ముందు ఎర్రబడి, తరువాత ఎర్రదనం పోయి బూడిదరంగు తేలింది. పెదవులు తడుపుకొంటున్నారు. నీళ్లిచ్చాను. సగం తాగి, సగం చొక్కా మీద ఒలకబోసుకొన్నారు.

ఇంటినుండి ఉప్పు వేసిన మజ్జిగ వచ్చింది. పటేలుగారు గిన్నె వంక, నా వంక చూశారు.

“పంతులూ, సల్ల తాగితే దీక్ష పోతదా?”

కొట్టు చూరు కిందినుండి అందరూ నా నోటి వంక చూశారు. పోదు అనాలని నాలుక కొసదాకా వచ్చింది. కాని మొన్న దోషమని, నిన్న దోషం లేదని చెప్పిన నోరది. ఇప్పుడు మరో ధర్మసూక్ష్మం పలికితే ఈ మొండిమనిషి పంతం పట్టి నీళ్లు కూడా మానుతారేమోనన్న భయం పట్టుకొంది. నేను ఇంటివైపు తిరిగి, పైపంచె విప్పి జెండాలా ఊపాను.

పటేలమ్మగారు వచ్చారు. తడిపిన తువ్వాలు నెత్తిన కప్పుకొని, చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఎవరి చేయీ అందుకోకుండా ట్రాలీ చక్రం మీద కాలు పెట్టి ఎక్కేశారు. భర్త మెడలోని దండ తీసి తన మెడలో వేసుకొన్నారు. తడి తువ్వాలు ఆయన నెత్తిన వేశారు.

“ఇగ దిగు. నా పాలి.”

“ఏందే గిది? పొద్దుగూకే దాంక కూసుంట అని మాటిచ్చిన.” గొంతు సన్నబడింది కాని పట్టు సన్నబడలేదు.

“దీని పేరు ఏం పెట్టిన్రు మీరు? రిలే దీక్ష. రిలే అంటే ఒకరి ఎనుక ఒకరు. బ్యానరు మీద గింత పెద్దగ రాసిన్రు గద.”

“అది దినానికొక్కరని—”

“దినానికొక్కరని బ్యానరు మీద యాడున్నది? సూపెట్టు.” ఆయన చూడబోయారు, కళ్లు నిలవలేదు. ఆవిడ గొంతు అప్పుడు కొంచెం తగ్గింది. “శనారం ఒక్కపొద్దు ఎవలి కోసం ఉన్న? సంకట చవితి ఎవలి కోసం చేసిన? పెండ్లయిన సంది ఇంట్ల ఉపాసాలన్నీ నీ పేరు మీద నేనే ఉన్న. అప్పుడు నీ పుణ్యం నా కడుపుల ఉన్నది. ఇయ్యాల నీ మాట నా కడుపుల ఉండుడుకు ఏమాయె? ఇంట్లకెల్లి పోలే గద! దిగయ్యా, జర. నీకు దండం పెడ్త.”

పటేలుగారు ఆవిడ ముఖం వంక చూశారు. ఆవిడ చేతులు నిజంగానే జోడించి ఉన్నాయి. ఆయన నావైపు తిరిగారు. “పంతులూ, శాస్త్రం?”

“ఆవిడ చెప్పిందే,” అన్నాను. ఆ వేసవిలో నేను చెప్పినవాటిలో బెడిసికొట్టనిది ఆ ఒక్కటే.

కుమారుడు, యువకులు కలిసి ఆయనను దింపి, పట్టుకొని ఇంటికి తీసుకువెళ్లారు. దిగుతూ ఆయన వెనుదిరిగి అన్న మాట: “జై తెలంగాణ అను మరి. ఉత్తగ కూసుంటివి.” ఆవిడ అన్నారు. చుట్టుపక్కల మేడల కిటికీలు తెరుచుకొనేటంత గట్టిగా అన్నారు.

అప్పుడు గాని నాకొక ఆలోచన రాలేదు. రిలే అన్న న్యాయం నాకూ వర్తించాలి కదా. మా మేడ వైపు ఆశగా చూశాను. మా ఇంటావిడ మేడ మీద, పొడి గుడ్డతో మామిడి ముక్కలు తుడుస్తోంది. నా చూపు గ్రహించింది.

“నన్ను పిలవకండి! మడిలో ఉన్నాను, ఆవకాయ కలుపుతున్నాను!” అని పైనుండే కేకవేసింది. “శాస్త్రం చెప్పినవాళ్లే కూర్చోవాలి!”

పొద్దు గుంకేదాకా కూర్చున్నాను. పటేలమ్మగారు పెదవి తడుపుకోకుండా, తమ పుట్టింటివారి సంగతులు, అత్తింటివారి సంగతులు, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో, ఆ అలక ఎప్పుడు తీరిందో, అన్నీ వరసగా చెబుతూ పోయారు. మధ్యమధ్య ఇంటివైపు చూసి, కుమారుడు చేయి ఊపితే మళ్లీ కథలో పడేవారు. నేను రెండుసార్లు కునికాను. “అన్నా, దీక్షల నిద్రవోతరా?” అని రెండుసార్లూ లేపారు. వడగాలి ఆమె జోలికి రావడానికి జంకినట్టు తోచింది.

సంధ్యవేళ పటేలుగారు తమంతట తామే నడిచి వచ్చారు. ముఖంలో రంగు తిరిగి వచ్చింది. చేతిలో నిమ్మరసం గ్లాసులు. దీక్ష విరమింపజేసేది పెద్దలు కనుక ఆ హోదాలో ముందు భార్యకు ఇచ్చారు. ఆవిడ ఒక గుక్క తాగి, “ఉప్పెక్కువ పోసినవ్,” అన్నారు. ఆయన తృప్తిగా తల ఊపారు. రెండో గ్లాసు నాకిస్తూ, “పంతులూ, ఒచ్చే ఉగాదికి వాన పాళ్లు జర సూసి సదువు,” అన్నారు.

ఖర నామ సంవత్సర వైశాఖ బహుళ ఏకాదశీ శనివారంతో కర్తరి వెళ్లింది. మరునాడు ఆదివారం కాలనీ మొగదల గుంతలు తీసి, గుంజలు పాతి, దీక్షకు పందిరి వేశారు. జ్యేష్ఠ శుద్ధ సప్తమి, బుధవారం, మృగశిర కార్తె ప్రవేశించిననాడు మన్సూరాబాదులో వాన కురిసింది. పటేలుగారు ట్రాక్టరు మీది టార్పాలిన్ విప్పి, మడిచి, రేకుల కింద పెట్టారు.